చదువుల పుట్టుక, మార్పు, మూత: విశ్వవిద్యాలయాల నిబంధనలలో తెలుగు

తెలుగు రాష్ట్రాల వెలుపల తెలుగు చదువు ఎందుకు తగ్గుతోందన్న ప్రశ్నకు సాధారణంగా రెండు సమాధానాలు వినిపిస్తాయి. తల్లిదండ్రులకు శ్రద్ధ లేకపోవడం ఒకటి, ప్రభుత్వాలు పట్టించుకోకపోవడం రెండవది. రెండింటిలోనూ నిజం లేకపోలేదు. అయితే విశ్వవిద్యాలయాల చరిత్రను కొంచెం దగ్గరగా పరిశీలిస్తే మూడవ కారణం ఒకటి కనిపిస్తుంది. తెలుగు చదువును నిలిపిన నిర్ణయాలలోనూ, కుదించిన నిర్ణయాలలోనూ చాలా భాగం తెలుగును ఉద్దేశించి చేసినవి కావు. అవి పరీక్షల నిబంధనలలో, అనుబంధ కళాశాలల పరిధిలో, పట్టాల పేర్లలో, బోధన గంటల లెక్కలలో వచ్చిన మార్పులు. ఆ మార్పులు జరిగినప్పుడు తెలుగు పక్షాన మాట్లాడేవారు సభలో ఉన్నారా లేదా అన్నదే ఫలితాన్ని నిర్ణయించింది.

ఒక చదువు విశ్వవిద్యాలయంలో ఎలా పుడుతుంది, ఎలా మారుతుంది, ఎలా మూతపడుతుంది అన్న విషయం కార్యాలయ వ్యవహారంగా తోచవచ్చు. కానీ బెంగుళూరులోనో, చెన్నైలోనో, బరంపురంలోనో తెలుగు చదువుకొనే విద్యార్థికి అది తన చదువు చరిత్రే. అందువల్ల ఈ సంచికలో ఆ చరిత్రను క్లుప్తంగా వివరించదలచుకొన్నాం.

పరీక్షలు పెట్టే సంస్థలు

1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు లండన్ విశ్వవిద్యాలయం నమూనాలో ఏర్పడ్డాయి. అవి పాఠాలు చెప్పే సంస్థలు కావు. కళాశాలలు పాఠాలు చెబుతాయి, విశ్వవిద్యాలయం పరీక్ష పెట్టి పట్టా ఇస్తుంది. కాబట్టి ఆ రోజులలో కొత్త చదువును ప్రవేశపెట్టడమంటే పరీక్షల పట్టికలో ఒక పంక్తి చేర్చడమే. ఆ పంక్తి ఉంటే రాజమండ్రిలోనైనా, బళ్ళారిలోనైనా ఒక పండితునికి ఉద్యోగం ఉంటుంది. పంక్తిని తొలగిస్తే ఉద్యోగం పోతుంది. మద్రాసు విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషుతో పాటు చదవవలసిన రెండవ భాషల జాబితాలో తెలుగుకు చోటు దొరకడం వల్లనే ఆధునిక కళాశాలలలో తెలుగు పండితుల వ్యవస్థ స్థిరపడింది.

1904 నాటి భారతీయ విశ్వవిద్యాలయాల చట్టం ఈ ఏర్పాటును కదిలించింది. సెనేట్ల పరిమాణాన్ని తగ్గించింది. కళాశాలల అనుబంధం మీద, విశ్వవిద్యాలయ నిబంధనల మీద ప్రభుత్వానికి అధికారం పెంచింది. విశ్వవిద్యాలయాలు స్వయంగా ఆచార్యులను నియమించి బోధించడానికి వీలు కల్పించింది. ఈ చట్టాన్ని అనుసరించి మద్రాసులో వచ్చిన కొత్త నిబంధనలలో దేశభాషల స్థానం మారింది. పూర్వం రెండవ భాషగా సాహిత్యం, వ్యాకరణం చదివే పద్ధతి వెనుకబడి, దేశభాషలో వ్యాసరచన అనే పత్రం ముందుకు వచ్చింది. నిబంధన రాసినవారి దృష్టిలో అది చిన్న సర్దుబాటు. తెలుగువారికి మాత్రం అది పెద్ద వివాదానికి మూలమైంది.

ఒక్క ప్రశ్నపత్రం చుట్టూ

వ్యాసరచన పరీక్ష పెట్టగానే ఆ వ్యాసం ఏ తెలుగులో రాయాలన్న ప్రశ్న వచ్చింది. కావ్యభాషలో రాయాలా, శిష్టులు మాట్లాడే భాషలో రాయాలా? వ్యావహారికభాషా వాదాన్ని మనం సాహిత్య చరిత్రలో భాగంగా చదువుతాం. కానీ దానికి తక్షణ కారణం ఒక పాఠ్యప్రణాళిక మార్పు అన్న సంగతి గమనార్హం. గిడుగు రామమూర్తి పంతులు, గురజాడ అప్పారావు, పి.టి. శ్రీనివాస అయ్యంగారు, విద్యాశాఖాధికారి జె.ఎ. యేట్స్ ఒక వైపు నిలిచారు. జయంతి రామయ్య పంతులు పూనికతో 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు రెండవ వైపు నిలిచింది.

విశ్వవిద్యాలయం ఈ విషయాన్ని ఒక సంఘానికి అప్పగించింది. ఆ సంఘంలో ఎక్కువమంది మొగ్గు గ్రాంథికం వైపే ఉంది. సభ్యుడైన గురజాడ తన అసమ్మతి పత్రాన్ని 1914లో సమర్పించారు. 1915 నవంబరు 30న ఆయన మరణించారు. విశ్వవిద్యాలయాలలో వాడుకభాషకు పూర్తి ఆమోదం రావడానికి ఆ తరువాత మరో అర్ధశతాబ్దం పట్టింది.

ఈ ఘట్టం నుంచి విద్యార్థులు గ్రహించవలసినది మరొకటి ఉంది. గురజాడ సంఘంలో ఓడిపోయారు. అయినా ఆయన అభిప్రాయం సంఘం కాగితాలలో చేరింది. సభలో చెప్పిన మాట గాలిలో కలిసిపోవచ్చు గానీ, నమోదైన అసమ్మతి తరువాతి తరానికి ఆధారమవుతుంది. తెలుగు భాషాచరిత్రలో అత్యంత విలువైన పత్రాలలో ఒకటి పరీక్షా నిబంధన మీద రాసిన అసమ్మతి కావడం యాదృచ్ఛికం కాదు. చదువు రూపం నిర్ణయమయ్యేది అటువంటి చోటనే.

పరీక్ష నుంచి బోధనకు

1919లో కలకత్తా విశ్వవిద్యాలయం అశుతోష్ ముఖర్జీ పూనికతో భారతీయ భాషలలో ఎం.ఏ. ప్రవేశపెట్టింది. దేశభాష పరీక్షలో ఒక పత్రంగా మాత్రమే కాక, ఉన్నత విద్యలో ప్రధాన విషయంగా ఉండవచ్చునన్న మాటకు అది బలం చేకూర్చింది. మద్రాసులో 1923 చట్టం విశ్వవిద్యాలయాన్ని బోధన, పరిశోధన సంస్థగా మలచడానికి దారి తీసింది. విద్యా విషయాలకు ప్రత్యేకంగా అకడమిక్ కౌన్సిల్ ఏర్పడింది కూడా ఆ చట్టం వల్లనే. తరువాత వచ్చిన ప్రాచ్య పరిశోధన సంస్థలో తెలుగుకు చోటు దొరికింది. కోరాడ రామకృష్ణయ్యగారు, ఆయన తరువాత నిడుదవోలు వేంకటరావుగారు ఆ శాఖను నడిపారు. తంజావూరు, మదురై ప్రాంతాల తెలుగు సాహిత్యాన్ని సమగ్రంగా పరిశీలించిన 'దక్షిణదేశీయాంధ్ర వాఙ్మయం' వేంకటరావుగారి రచనే. విశ్వవిద్యాలయంలో ఒక శాఖ ఉండడానికీ, ఒక ప్రాంతపు తెలుగువారి చరిత్ర వెలుగులోకి రావడానికీ ఉన్న సంబంధానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడింది. కట్టమంచి రామలింగారెడ్డిగారు మొదటి ఉపాధ్యక్షులు. మొదట బెజవాడలో ఉన్న కార్యస్థానం తరువాత వాల్తేరుకు మారింది. సర్వేపల్లి రాధాకృష్ణన్ ఉపాధ్యక్షులుగా ఉన్న 1931లో అక్కడ తెలుగు ఆనర్స్ తరగతులు మొదలయ్యాయి. పింగళి లక్ష్మీకాంతంగారు ఆ శాఖ బాధ్యత వహించారు.

మైసూరులో పరిస్థితి వేరు. అక్కడి మహారాజా కళాశాలలో రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు 1912 నుంచి 1949 వరకు తెలుగు బోధించారు. 1916లో మైసూరు విశ్వవిద్యాలయం ఏర్పడడం ఆయన బోధన కాలంలోనే జరిగింది. కన్నడ దేశంలో ఒక్క అధ్యాపకుడు దాదాపు నాలుగు దశాబ్దాలు ఒకే చోట ఉండడం వల్ల తెలుగుకు ఎంత గౌరవం దక్కిందో వేరే చెప్పనక్కరలేదు. అయితే ఒకే వ్యక్తి మీద నిలిచిన చదువుకు ఉండే ప్రమాదం కూడా ఇందులోనే ఉంది. ఆ సంగతి ముందు ముందు చెప్పుకొందాం.

హైదరాబాదు సంస్థానంలో ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో నిజాం ఫర్మానాతో ఏర్పడింది. బోధనభాష ఉర్దూ. తెలుగు అక్కడ ఒక విషయం మాత్రమే. రాయప్రోలు సుబ్బారావుగారు ఆచార్యులుగా పనిచేశారు. 1948లో సంస్థానం భారతదేశంలో విలీనమైన తరువాత బోధనభాష ఇంగ్లీషుకు మారింది. ఆ మార్పు ఒక్క హైదరాబాదు నగరానికే పరిమితం కాలేదు. ఔరంగాబాదు, గుల్బర్గా కళాశాలలు కూడా అదే విశ్వవిద్యాలయం పరిధిలో ఉండేవి. పై నుంచి వచ్చిన నిర్ణయంతో పుట్టిన ఏర్పాటు, పైన అధికారం మారగానే మారిపోయింది.

సరిహద్దు జరిగితే పట్టా మారుతుంది

ఇంతవరకు చెప్పినవి విశ్వవిద్యాలయం లోపలి నిర్ణయాలు. రాష్ట్రేతర తెలుగువారి చదువును వీటికంటే ఎక్కువగా కదిలించినది పరిధుల మార్పు.

గిడుగువారు పనిచేసిన పర్లాకిమిడి పట్టణం 1936 ఏప్రిల్ 1న ఏర్పడిన ఒరిస్సా రాష్ట్రంలో చేరింది. ఆయన ఆ ఊరు విడిచి రాజమండ్రి చేరుకొన్నారు. 1943లో ఉత్కళ విశ్వవిద్యాలయం ఏర్పడడంతో గంజాం ప్రాంతపు కళాశాలల సంబంధం క్రమంగా అటు మళ్ళింది. 1967లో బరంపురం విశ్వవిద్యాలయం వచ్చింది. అంటే బరంపురంలో ఒకే వీధిలోని ఒక కుటుంబంలో తాత, తండ్రి, కొడుకు మూడు వేర్వేరు విశ్వవిద్యాలయాల పట్టాలు పొందడం సాధ్యమే. ప్రతి మార్పులోనూ తెలుగు భాషా పత్రానికి ఉన్న గుర్తింపును కొత్త విశ్వవిద్యాలయం మళ్ళీ ఆమోదించవలసి వచ్చేది.

షోలాపురం మరో ఉదాహరణ. నేతపని మీద ఆధారపడి తరాలుగా స్థిరపడిన పద్మశాలీ కుటుంబాలున్న ఆ నగరపు కళాశాలలు మొదట బొంబాయి, 1949 తరువాత పూనా, 1962 తరువాత కొల్హాపూరులోని శివాజీ విశ్వవిద్యాలయాల పరిధిలోకి వచ్చాయి. 2004లో షోలాపురానికే ప్రత్యేక విశ్వవిద్యాలయం వచ్చింది. నేడు దాని పేరు పుణ్యశ్లోక్ అహల్యాదేవి హోల్కర్ షోలాపుర విశ్వవిద్యాలయం.

బళ్ళారి 1953 అక్టోబరు 1న మైసూరు రాష్ట్రంలో చేరింది. తమిళనాడులో 1966లో మదురై విశ్వవిద్యాలయం ఏర్పడినప్పటి నుంచి మద్రాసు విశ్వవిద్యాలయపు పరిధి విడిపోతూ వచ్చింది. 1964లో ఏర్పడిన బెంగుళూరు విశ్వవిద్యాలయం 2017లో మూడుగా విడిపోయింది. తెలుగువారు ఎక్కువగా ఉన్న కోలారు ప్రాంతం బెంగుళూరు ఉత్తర విశ్వవిద్యాలయం కిందికి వెళ్ళింది. యానాం కళాశాల 1985లో స్థాపితమైన పాండిచ్చేరి కేంద్రీయ విశ్వవిద్యాలయం పరిధిలోకి వచ్చింది.

దగ్గరలో విశ్వవిద్యాలయం రావడం విద్యార్థికి మేలే. కానీ చిన్న భాషా సమూహానికి ఇందులో ఒక ఇబ్బంది ఉంది. పెద్ద విశ్వవిద్యాలయం ఒకటి ఉన్నప్పుడు పది కళాశాలల తెలుగు విద్యార్థులు ఒకే లెక్కలోకి వస్తారు. ఒక పాఠ్యనిర్ణయ సంఘం, ఒక పాఠ్యపుస్తకం సరిపోతాయి. అదే విశ్వవిద్యాలయం మూడైతే విద్యార్థులూ మూడు భాగాలవుతారు. ప్రతి చోటా కనీస సంఖ్య నిబంధన ఎదురవుతుంది. మొత్తం మీద విద్యార్థులు తగ్గకపోయినా కాగితం మీద తగ్గినట్లు కనిపిస్తారు.

ఆమోదం పొందే మెట్లు

నేడు ఒక కొత్త చదువు ఆమోదం పొందడానికి సాధారణంగా నాలుగు మెట్లు ఎక్కాలి. మొదటి మెట్టు శాఖ, దాని పాఠ్యనిర్ణయ సంఘం. ఇంగ్లీషులో దీన్నే బోర్డ్ ఆఫ్ స్టడీస్ అంటారు. శాఖ అధ్యాపకులతో పాటు బయటి విశ్వవిద్యాలయాల ఆచార్యులు కూడా ఇందులో సభ్యులు. పాఠ్యాంశాలు, పత్రాల సంఖ్య, మార్కుల విభజన ఇక్కడే రూపొందుతాయి. రెండవ మెట్టు ఫాకల్టీ, అంటే కళలు లేదా భాషల విభాగం. మూడవది అకడమిక్ కౌన్సిల్. నాలుగవది పాలకమండలి. దీన్ని రాష్ట్ర విశ్వవిద్యాలయాలలో సిండికేట్ అనీ, కేంద్రీయ విశ్వవిద్యాలయాలలో ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్ అనీ పిలుస్తారు. డబ్బు, ఉద్యోగాలు అవసరమైతే రాష్ట్ర ప్రభుత్వపు అనుమతి కూడా కావాలి. పట్టా పేరు విశ్వవిద్యాలయాల గ్రాంట్స్ సంఘం 1956 చట్టంలోని 22వ సెక్షన్ కింద ప్రకటించిన పేర్లలో ఒకటై ఉండాలి.

ఈ మెట్లు ఒకదాన్నొకటి అదుపు చేసే విధంగా ఏర్పడ్డాయి. కేంద్రీయ విశ్వవిద్యాలయాల నిబంధనలు చాలావాటిలో ఒక ముఖ్యమైన ఏర్పాటు కనిపిస్తుంది. చదువులకు సంబంధించి అకడమిక్ కౌన్సిల్ పంపిన ముసాయిదాను పాలకమండలి తిరస్కరించవచ్చు, పునఃపరిశీలనకు తిప్పి పంపవచ్చు. తానే సొంతంగా మార్చి రాయడానికి మాత్రం వీలు లేదు. ఏం చదవాలన్నది చదువు చెప్పేవారు నిర్ణయించాలి, డబ్బు లెక్క చూసేవారు కాదు అన్నదే దీని సారాంశం.

మరో సంగతి. 1978లో తమిళనాడులో మొదలైన స్వయంప్రతిపత్తి పద్ధతిలో కళాశాలలకే సొంత పాఠ్యనిర్ణయ సంఘాలు వచ్చాయి. అటువంటి కళాశాలలో తెలుగు పాఠ్యాంశాన్ని మార్చడం సులభం. తెలుగును తగ్గించడం కూడా అంతే సులభం.

మార్పు పేరిట సంకోచం

తెలుగు అన్న మాటే లేకుండా తెలుగును తాకిన మార్పులను కొన్నిటిని చూద్దాం.

స్వాతంత్ర్యం తరువాత పాత ఆనర్స్ పద్ధతి పోయి మూడేళ్ళ డిగ్రీ వచ్చింది. విశ్వవిద్యాలయాల ఇంటర్మీడియట్ స్థానంలో ఒక ఏడాది ప్రీ యూనివర్సిటీ తరగతి వచ్చింది. 1978లో తమిళనాడు ఆ తరగతిని కళాశాలల నుంచి తీసి, పదకొండు, పన్నెండు తరగతులుగా పాఠశాలలకు అప్పగించింది. విద్యావిధానం దృష్ట్యా అది సమంజసమే. కానీ కళాశాలలోని తెలుగు అధ్యాపకుడి బోధన గంటలలో పెద్ద భాగం ఆ తరగతి భాషా పాఠాలే. గంటలు తగ్గితే రెండవ అధ్యాపకుడి అవసరం లేదని లెక్క తేలుతుంది. ఇంటర్మీడియట్‌ను 1969లో మళ్ళీ తెచ్చుకొన్న ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుకు అటువంటి బెడద రాలేదు. తమిళనాడులో ఒక్కొక్క చేరికా లెక్కకు వచ్చేదే.

విద్వాన్, ఉభయభాషా ప్రవీణ వంటి ప్రాచ్య పట్టాల కథ వేరు. ఒకప్పుడు పాఠశాలల తెలుగు పండితులకు అవే అర్హత. ఇంగ్లీషు తెలియకపోయినా తెలుగు సంస్కృతాలలో గట్టి పాండిత్యం ఉన్నవారికి అవి తలుపు తెరిచాయి. కాలక్రమంలో వాటి స్థానాన్ని బి.ఏ. తరహా పట్టాలు ఆక్రమించాయి. పేరు మారింది, హోదా పెరిగింది, కానీ ఆ పాత పాండిత్య మార్గం మూసుకుపోయింది.

ఎం.ఫిల్. చదువు ముగింపు అందరికీ తెలిసినదే. విశ్వవిద్యాలయాల గ్రాంట్స్ సంఘం 2022 నవంబరు నాటి పిహెచ్.డి. నిబంధనలతో దాన్ని నిలిపివేసింది. అయినా కొన్ని విశ్వవిద్యాలయాలు ప్రకటనలు ఇస్తుండడంతో 2023 డిసెంబరులో మళ్ళీ హెచ్చరించింది. అంతకుముందు చేరినవారి పట్టాలకు ఇబ్బంది లేదు. చిన్న శాఖలలో పరిశోధనకు తొలి మెట్టుగా ఉన్న చదువు మాత్రం లేకుండా పోయింది.

2006లో తమిళనాడు తమిళ అభ్యసన చట్టం చేసింది. ఒకటవ తరగతితో మొదలై ఏటేటా ఒక్కో తరగతికి విస్తరించి, 2015-16 నాటికి పదవ తరగతికి చేరింది. భాషాల్పసంఖ్యాక విద్యార్థులకు న్యాయస్థానాలు తాత్కాలిక మినహాయింపులు ఇచ్చిన మాట నిజమే. అయినా పాఠశాలలో తెలుగును మొదటి భాషగా చదివేవారు తగ్గితే, కళాశాలలో తెలుగు తీసుకొనేవారు తగ్గుతారు. తరువాత బి.ఏ., ఆ తరువాత ఎం.ఏ. తగ్గుతాయి. పై అంతస్తులో కనిపించే పగులుకు కారణం పునాదిలో ఉంటుంది.

రాజ్యాంగం 350-ఏ అధికరణం మాతృభాషలో బోధన గురించి మాట్లాడుతుంది గానీ, అది ప్రాథమిక దశకే పరిమితం. 30వ అధికరణం భాషాల్పసంఖ్యాకులకు సొంత విద్యాసంస్థలు స్థాపించుకొనే హక్కు ఇస్తుంది. ఏదైనా విశ్వవిద్యాలయంలో తెలుగు శాఖ ఉండి తీరాలని మాత్రం ఈ రెండూ చెప్పవు. 2008లో తెలుగుకు వచ్చిన ప్రాచీన భాష హోదా కూడా తనంతట తానుగా ఒక్క సీటునూ పుట్టించదు. విశ్వవిద్యాలయంలో తెలుగుకు నిజమైన రక్షణ ఆ విశ్వవిద్యాలయపు సొంత నిబంధనలలోనే ఉంది.

మూత ఎలా పడుతుంది

ప్రారంభానికి తీర్మానం, తేదీ, ప్రారంభోత్సవపు ఛాయాచిత్రం ఉంటాయి. ముగింపుకు సాధారణంగా ఇవేవీ ఉండవు. నిబంధనల ప్రకారం ఒక చదువును మూసివేయాలంటే ప్రారంభించేటప్పుడు ఎక్కిన మెట్లనే దిగాలి. శాఖ అభిప్రాయం, అకడమిక్ కౌన్సిల్ చర్చ, పాలకమండలి తీర్మానం కావాలి. అనుబంధ కళాశాల అయితే విశ్వవిద్యాలయపు అనుమతి లేకుండా నడుస్తున్న కోర్సును ఆపకూడదు. అప్పటికే చేరినవారికి చదువు పూర్తి చేసుకొనే వీలు, తప్పినవారికి పాత ప్రణాళికలో కొన్ని సార్లు పరీక్ష రాసే వీలు కల్పించాలి.

ఇంత శ్రమ ఉంది కనుకనే చాలా చోట్ల ఆ మార్గంలో వెళ్ళరు. ముందుగా పదవీవిరమణ చేసిన అధ్యాపకుని స్థానం ఖాళీగా ఉంటుంది. గంటల లెక్కన జీతం తీసుకొనే అతిథి అధ్యాపకులతో కొంతకాలం నడుస్తుంది. శాశ్వత అధ్యాపకులు లేనందువల్ల పాఠ్యనిర్ణయ సంఘం బాధ్యత మరో శాఖ చేతికి పోతుంది. పాఠ్యాంశం ఏళ్ళ తరబడి మారదు. మారని చదువుకు విద్యార్థులు రారు. రాకపోతే, తగినంత మంది చేరనందువల్ల ఈ ఏడాది ప్రవేశాలు లేవని ఒక చిన్న ప్రకటన వెలువడుతుంది. మరుసటి ఏడాది ఆ ప్రకటన కూడా ఉండదు. చదువును ఎవరూ రద్దు చేయలేదు కాబట్టి ఎవరినీ ప్రశ్నించడం సాధ్యం కాదు. ఒకే అధ్యాపకుని మీద ఆధారపడిన చదువుకు ప్రమాదమని పైన చెప్పినది ఇదే.

అయితే రద్దు కాని చదువును పునరుద్ధరించడం, కొత్త చదువును మొదలుపెట్టడం కంటే సులభం. నిబంధనల పుస్తకంలో దాని పేరు ఉన్నంతవరకు తలుపు పూర్తిగా మూసుకోలేదు. ప్రవేశాలు ఆగిపోయాయని నిరాశపడే ముందు ఆర్డినెన్సులో ఆ చదువు ఇంకా ఉందా, మంజూరైన అధ్యాపక స్థానం ఇంకా ఉందా అని విచారించడం అందుకే అవసరం.

విద్యార్థులు చేయగలిగినది

తాము ఏ సంవత్సరపు నిబంధనల కింద చేరారో, వాటి ప్రతి తమ దగ్గర ఉందో లేదో ప్రతి విద్యార్థీ చూసుకోవాలి. చదువు మధ్యలో ప్రణాళిక మారితే ఆ కాగితమే ఆధారం. శాఖలో మంజూరైన స్థానాలు ఎన్ని, ఖాళీలు ఎన్ని అన్నది తెలుసుకోవాలి. పాఠ్యనిర్ణయ సంఘంలో తెలుగు తెలిసినవారు ఎంతమంది ఉన్నారో, అది చివరిసారి ఎప్పుడు సమావేశమైందో అడగాలి. ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో ఈ సమాచారాన్ని 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద ఎవరైనా కోరవచ్చు. పూర్వ విద్యార్థులకు, స్థానిక తెలుగు సంఘాలకు కూడా ఇందులో పాత్ర ఉంది. పురస్కార సభలకు పెట్టే శ్రద్ధలో కొంత భాగాన్ని పాఠశాలల నుంచి కళాశాలలో తెలుగు తీసుకొనే పిల్లల సంఖ్య మీద పెడితే ప్రయోజనం ఎక్కువ.

1914లో ఒక ప్రశ్నపత్రం గురించి తెలుగువారు అంత పట్టుదలగా వాదించుకొన్నారంటే, ఆ పత్రం భాష భవిష్యత్తును నిర్ణయిస్తుందని ఇరుపక్షాలకూ తెలుసు. నేడు మన విశ్వవిద్యాలయాలలో తెలుగుకు సంబంధించిన నిర్ణయాలు అంతకంటే నిశ్శబ్దంగా జరుగుతున్నాయి. వాటిని గమనించే కళ్ళు మన విద్యార్థులలో పెరగాలని మా కోరిక.